ఊడ్చి పారేసిన సరుకు

మర్గిలాన్ బజారులో మొక్కలమ్మేవాళ్ళ వరసకు ఒక కట్టుబాటు ఉంది. చోటుకు కాగితం ఉండదు, సంతకం ఉండదు. మార్చిలో వచ్చే నవ్‌రూజ్, అంటే కొత్త సంవత్సరం పండగకు ముందు ఆదివారం ఎవరు ఎక్కడ సరుకు పరుచుకుని కూర్చుంటే ఆ ఏడాదంతా ఆ చోటు వాళ్ళది. ఆ రోజు చోటు ఖాళీగా కనబడిందా, వరస పెద్ద మామరజబ్ అడిగిన మొదటి మనిషికి ఇచ్చేస్తాడు. ఆ తర్వాత ఏడ్చి మొత్తుకున్నా తిరిగి రాదు.

ఇనోబత్ చోటు కాలవ వంతెన దిగగానే మొదటిది. బజారుకు వచ్చిన ప్రతి మనిషీ ముందు ఆమె మొక్కలు చూశాకే మిగతావాళ్ళవి చూడాలి. అత్తగారి నుంచి ఆమెకు దక్కిన ఆస్తి అదొక్కటే. భర్త పోయాక కొడుకును పెంచిందీ, ఇంటి కప్పు మార్పించిందీ, మొన్న శరదృతువులో కొడుకు పెళ్ళి చేసిందీ ఆ నాలుగు మూరల నేల మీద కూర్చునే. అందుకే ఆమె లెక్కలో ఆ చోటు ఇంటికన్నా ఒక మెట్టు పైన. ఇల్లు పోతే అద్దెకుండొచ్చు. చోటు పోతే వరస చివర పేడ ఎరువు బస్తాల పక్కన కూర్చోవాలి. అక్కడిదాకా నడిచి వచ్చేసరికి కొనేవాడి సంచీ నిండిపోయి ఉంటుంది.

ఏటా ఆమె అమ్మేది తురోబ్ పెంచిన పెటూనియా మొక్కలు. ఊరి చివర అతనికి పెద్ద అద్దాల షెడ్డు ఉంది. చలికాలం పోకముందే లోపల పువ్వులు విచ్చుకుని ఉంటాయి. ఎప్పట్లాగే ఫిబ్రవరిలో సరుకు మాట్లాడుకోవడానికి వెళ్ళింది. తురోబ్ టీ పోశాడు, రొట్టె తుంచి ముందు పెట్టాడు, ఎండు ఖుబానీలు కూడా పెట్టాడు. ఖుబానీలు చూడగానే ఇనోబత్‌కు అనుమానం వచ్చింది. బేరం బాగున్నప్పుడు తురోబ్ రొట్టెతో సరిపెడతాడు.

"అక్కా, ఈసారి నీకు పెటూనియాలు లేవు" అన్నాడు.

"లేకపోవడమేమిటి? అద్దాల్లోంచి నిండుగా కనబడుతుంటే!"

"ఉన్నాయి. అవి గుల్‌చెహ్రాకి. మా తమ్ముడి కోడలు. ఇంట్లో ఊరికే కూర్చుని మా వాడి బుర్ర తినేస్తోంది."

"అందుకని ఊరి బుర్ర తినడానికి బజారుకు పంపుతున్నావా?"

తురోబ్ నవ్వాడు గానీ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ఎక్కడ కూర్చుంటుందట పిల్ల?" అడిగింది ఇనోబత్.

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ." టీ గిన్నెలో ఏదో పడినట్టు అందులోకే చూస్తూ అన్నాడు.

ఇక చెప్పాల్సిందేం లేదు. సరుకు ఆపితే చోటు ఖాళీ అవుతుంది. చోటు ఖాళీ అయితే అడిగే మొదటి మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. ఇనోబత్ ఖుబానీలు గుప్పెడు తీసి జేబులో వేసుకుని లేచింది. పోయేది ఎలాగూ పోయింది, వచ్చింది వదులుకోవడం దేనికి?

దారి పొడవునా లెక్క వేసుకుంది. విత్తనం ఇప్పుడు వేస్తే పండగ నాటికి మొలక తల ఎత్తదు. మిగతా షెడ్లవాళ్ళ సరుకు చలికాలంలోనే మాటయిపోయింది. కోకంద్ నుంచి తెప్పిద్దామంటే అక్కడ షెడ్డు తురోబ్ బావమరిదిది. ఏ వైపు నుంచి కూడినా అడుగున సున్నాయే వస్తోంది.

ఇంటి తలుపు తోసేసరికి కొత్తకోడలు ముహయ్యో వాకిట్లో గోడ వారన కూర్చుని చేతి పారతో నేల గీకుతోంది. కొడుకు లారీ నడుపుతాడు, వారంలో సగం రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. కొత్తకోడలి పనితనం ఎలాంటిదో ఆ వీధిలో వాకిలి చెబుతుంది. తెల్లారి ఎవరూ లేవకముందే నీళ్ళు చల్లి ఊడ్చిన నేల మీద ఆకు కనబడితే కోడలిది బద్ధకం, గడ్డిపోచ కనబడితే ఆమె పుట్టింటికి పరువు తక్కువ. పైగా పండగ ముందు వచ్చే పెద్ద శుభ్రత అది. గోడలకు సున్నం, తివాచీలకు దులుపుడు, నేలకు గీకుడు.

ముహయ్యో గీకిన పచ్చ పోగు పక్కనే ఉంది. దాన్ని దాటి వెళ్ళబోతూ ఇనోబత్ ఆగింది. పోగు పైన ఒక చిన్న మొలక వెల్లకిలా పడి ఉంది. గుండ్రటి ఆకు, అంచున మెత్తటి ముడతలు, ఆకంతా సన్నటి నూగు, తేరిపార చూస్తే కంబళి ముక్కలాగా. దాన్ని వేళ్ళ మధ్య రాసి చూసి, అక్కడే గొంతుక్కూర్చుంది.

"ఆగు, పిల్లా."

"ఇంకా మిగిలాయా అమ్మా? ఒక్క నిమిషం" అని ముహయ్యో మరింత జోరుగా గీకసాగింది.

"ఆగమంటుంటే! ఆ పార ఇలా ఇయ్యి. ఇదేమిటో తెలుసా? గుల్‌ఖైరీ."

గుల్‌ఖైరీ అంటే తెలియనిది ఎవరికి? మనిషెత్తు కాడ, కాడ పొడవునా సాసర్లంత పువ్వులు, ఎండాకాలమంతా ఒకదాని తర్వాత ఒకటి. వాళ్ళింట్లో తందూరు పొయ్యి వెనక ఏటా రెండు మూడు లేస్తాయి. పొయ్యి వేడంటే వాటికి ఇష్టమని అత్తగారు అనేది, ఇనోబత్ కూడా అలాగే నమ్మింది. ఇప్పుడు గోడ పొడవునా చూసుకుంటూ వెళ్ళింది. గోడ వారనంతా అవే మొలకలు, మొన్న శరత్తులో విత్తనం రాలి మొలిచి, మంచు కింద చలికాలం గడిపి, నాలుగేసి ఆకులతో నేలకు అంటుకుని ఉన్నాయి. పొయ్యికీ గోడకూ మధ్య సందులో మాత్రం చీపురు దూరదు. వాటికి కావలసింది వేడి కాదు. చంపే చెయ్యి అక్కడిదాకా రాకపోవడమే.

ఇన్నేళ్ళుగా ఆమె ఏటా వసంతంలో ఇంట్లో మొక్కలు గీకి కాలవలో పోసి, బజారుకు వెళ్ళి తురోబ్ దగ్గర మొక్కలు కొంటూ వచ్చింది. వీధిలో ప్రతి ఇల్లూ అదే పని చేస్తోంది. సరిగ్గా ఈ వారంలోనే, అన్ని వాకిళ్ళలోనూ.

"ముహయ్యో, ఎవరెవరి ఇళ్ళలో శుభ్రత మొదలైంది?"

"అందరి ఇళ్ళలోనూ అమ్మా. మనదే ఆలస్యం. హదీచా ఖాలా పొద్దున గోడ మీంచి చూసి 'మీ వాకిట్లో మేకల్ని మేపుకోవచ్చే' అంది."

"మేపుకోవచ్చు. పద, పాత పెరుగు డబ్బాలూ, కూరగాయల పెట్టెలూ, పాత పేపర్లూ ఏవి దొరికితే అవి తియ్యి."

హదీచా పక్కింటావిడ, చిన్నవాళ్ళందరికీ ఖాలా, అంటే పిన్ని. ఇనోబత్ ఈడుదే, నోరు మాత్రం రెండు రెట్లు. ఇనోబత్ చేతి పార పట్టుకుని కోడలితో సహా గుమ్మంలో నిలబడి "మీ పూలమడి మేం శుభ్రం చేస్తాం" అనేసరికి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నీకేమైనా మతి పోయిందా ఇనోబత్? నా ఇంట్లో కలుపు నువ్వు తియ్యడమేమిటి?"

"మోకాళ్ళు నొప్పులని నిన్న ఏడ్చింది నువ్వు కాదా?"

"ఏడ్చాననుకో. లాభం లేనిదే నువ్వు నా సలాము కూడా అందుకోవుగా."

"లాభం ఉంది. తీసిన కలుపు నాది."

"ఏం చేసుకుంటావ్ దాన్ని?"

"పెంచుతా."

హదీచా నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా నవ్వింది. తురోబ్ సరుకు ఆపేసరికి పాపం ఇనోబత్ కలుపు కూలికి దిగిందనీ, అది కూడా ఊరికేననీ. ఇనోబత్ ఆ నవ్వును కూడా రాబడి కిందే జమ వేసుకుంది. నవ్వినవాళ్ళు గేట్లు తీశారు. ప్రతి ఇల్లాలూ తనకు చేతకాని మూల చూపించి "ఇదీ తీసెయ్యి, అదీ తీసెయ్యి" అంది.

పని మొదలుపెట్టాక తెలిసింది, మొలకను గుర్తుపట్టడం పువ్వును గుర్తుపట్టడం లాంటిది కాదని. పువ్వు తన పేరు తానే చెబుతుంది. మొలకకు ఇంకా పేరు రాదు, కలుపూ అదీ ఒకే చొక్కా వేసుకుని ఉంటాయి. అందుకే ఇనోబత్ ఒక పద్ధతి పెట్టింది. ముందు పైకి చూడాలి, తర్వాత కిందికి. కిందటేటి ఎండు కాడ ఎక్కడ నిలబడి ఉందో చూడాలి. ఏ తల్లి కింద ఏ పిల్లలు గుంపుగా ఉన్నాయో దాన్నిబట్టి లెక్క తేల్చాలి. ఎండిన కాయలు చిన్న కిరీటాల్లా ఉండి, దులిపితే నల్లటి మెరిసే గింజలు రాలితే అది తల వంచుకుని వేలాడే పువ్వు, అక్విలేజియా. దాని మొలకకు మూడేసి రెక్కల ఆకు, నీళ్ళు చల్లితే చుక్క దాని మీద పాదరసంలా దొర్లుతుంది. సన్నటి నీలపు రంగు సూదుల్లాంటి ఆకులైతే నీలి అవిసె కావచ్చు, పాలకాడ కావచ్చు. గిల్లి చూస్తే పాలు కారిందా, పారెయ్యి. చిట్టి తెల్ల చేమంతి ఆకు నలిపితే చేదు వాసన చేతికి పట్టుకుని అన్నం తినేదాకా పోదు. గుల్‌ఖైరీకి కంబళి ఆకు. ఇవన్నీ ఒకసారి నాటితే వేరు కొన్నేళ్ళు బతుకుతుంది. అది ముసలిదయ్యేలోగా విత్తనం తానే రాల్చుకుని పక్కన పిల్లల్ని నిలబెడుతుంది.

తియ్యడంలోనూ తొందర పనికిరాదు. గుల్‌ఖైరీకి ముల్లంగిలా కిందికి దిగే తల్లివేరు. అది తెగితే మొక్క అలిగి కూర్చుంటుంది. అందుకని మట్టిగడ్డతో సహా లేపాలి, పేపరు పొట్లంలో దించాలి, నీళ్ళు పోసి గోడ నీడన పెట్టాలి. మొదట్లో ముహయ్యో గడ్డలు విరగ్గొట్టింది. రెండిళ్ళు గడిచేసరికి అత్తగారికన్నా మెత్తగా తియ్యసాగింది.

మళ్ళీ హదీచా ఇంటికే వెళ్ళి పశువుల కొట్టం గోడ వారన తీస్తున్నప్పుడు పొద్దు వాలుతోంది. అక్కడ గుండ్రటి ఆకులు చాప పరిచినట్టు ఉన్నాయి. ఇనోబత్‌కు ఆశ పుట్టింది. పైకి చూడకుండానే పెట్టెల నిండా ఎత్తేసింది. ఇంటికి తెచ్చి, చోటు చాలక, కొన్నిటిని మంచి గుల్‌ఖైరీల మధ్య కూడా సర్దేసింది.

మర్నాడు నీళ్ళు పోస్తూ ముహయ్యో పిలిచింది.

"అమ్మా, ఇవి తడవగానే మెరుస్తున్నాయి. అవేమో తడిసినా మసగ్గానే ఉన్నాయి. రెండూ ఒకటేనా?"

ఇనోబత్ వచ్చి చూసింది. మెరిసే ఆకు తిప్పింది. నూగు పలచగా ఉంది. ఆకు కాడను కలిసే చోట చిన్న ఎర్ర మచ్చ.

"మా ఊళ్ళో దీన్ని బొత్తాం గడ్డి అంటామమ్మా" అంది ముహయ్యో. "కాయలు బొత్తాల్లా ఉంటాయి. పిల్లలు తింటారు, గొర్రెలూ తింటాయి. గోరంత పువ్వు పూస్తుంది."

"అయితే నిన్ననే చెప్పడానికేం?"

"మీరు పువ్వన్నారు కదా, పువ్వే అయి ఉంటుందనుకున్నాను. కొత్తకోడల్ని, మీ మాటకు ఎదురు చెప్పనా?"

ఇనోబత్‌కు కోపం రాబోయి నవ్వు వచ్చింది. నవ్వు అయిపోయాక భయం వచ్చింది. సరుకులో పెద్ద భాగం కలుపు. అమ్మేస్తే ఎవరికి తెలుస్తుంది? జూన్ దాకా ఎవరికీ తెలియదు. జూన్‌లో ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది. ఆదివారం చోటు నిలబెట్టుకోవడానికి ఇప్పుడు పెట్టెలు నిండుగా కనబడాలి, నిజమే. కానీ ఒకసారి కలుపు అమ్మిన మనిషి దగ్గర మళ్ళీ ఎవరు ఆగుతారు? అలాంటి చోటు వంతెన దగ్గరున్నా ఒకటే, ఎరువు బస్తాల దగ్గరున్నా ఒకటే.

"అన్నీ దించు. ఒక్కొక్కటీ తడిపి చూద్దాం."

ఆ రోజంతా అత్తాకోడళ్ళు అదే పని చేశారు. తడిపి, వెలుగులోకి తిప్పి, రాసి, మచ్చ వెతికి ఏరారు. ఏరినదంతా హదీచా గొర్రెలకు వెళ్ళింది. పెట్టెలు సగానికి సగం తగ్గాయి.

"పెంచుతానన్నావు, అప్పుడే మేపుతున్నావే?" అంది హదీచా గోడ మీంచి.

"నీ గొర్రెలకైనా కడుపు నిండనీలే" అంది ఇనోబత్.

ఆదివారం పొద్దున్నే వంతెన దిగువన పెట్టెలు పరిచింది. పక్కనే, రెండు చోట్ల మధ్య సందులో ఇరుక్కుని గుల్‌చెహ్రా. ముందర గులాబీ, ఊదా, తెలుపు పెటూనియాలు పకపకా నవ్వుతున్నాయి. ఇనోబత్ ముందర ఉన్నది ఉత్త పచ్చ ఆకు. ఏ పెట్టెలోది ఏమిటో తెలియడానికి ఒక్కో దాంట్లో కిందటేటి ఎండు కాడ గుచ్చి పెట్టింది. వచ్చేవాళ్ళు ఆగారు, చూశారు, గుల్‌చెహ్రా దగ్గర కొనుక్కుని వెళ్ళారు.

తురోబ్ చేతులు వెనక్కి కట్టుకుని వచ్చాడు.

"అక్కా, గొర్రెల బజారు అటుపక్క కదా. దారి తప్పావా?"

"నువ్వు ఇటు వచ్చావుగా, అందుకే అలా అనిపించి ఉంటుంది."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. తురోబ్ నవ్వలేదు. మామరజబ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "అన్నా, ఇది పువ్వుల వరస. ఇక్కడ కలుపు అమ్మొచ్చా? దీన్ని చూడు, అచ్చం బొత్తాం గడ్డి. చోటు ఆపుకోవడానికి గడ్డి పరిచి కూర్చుంది. ఇది ఖాళీ చోటు కిందే లెక్క."

మామరజబ్ ఒకప్పుడు వడ్రంగి. మాట తక్కువ, తీర్పు ఎక్కువ. వంగి పెట్టెలు చూశాడు. "ఇనోబత్, ఇవి పువ్వులేనా?"

"పువ్వులే అన్నా."

"నాకు ఆకు తప్ప ఏం కనబడట్లేదు. ఇలా చేద్దాం. ప్రతి పెట్టెలోంచీ నేనే తీస్తాను, నా ఇష్టం వచ్చినవి. టీ కొట్టు గోడ వారన నాటిస్తాను. ఎండాకాలం అందరి కళ్ళ ముందూ ఉంటాయి. అన్నీ పువ్వులైతే చోటు నీది, మళ్ళీ ఎవరూ మాట్లాడకూడదు. ఒక్కటి కలుపని తేలినా చోటు గుల్‌చెహ్రాది. సరేనా?"

ఏరిన పెట్టెల్లో ఒక్కటైనా మిగిలిపోయి ఉండదని ఎవరు చెప్పగలరు?

"సరే" అంది ఇనోబత్.

పండగ వెళ్ళింది. వీధి ఆడవాళ్ళంతా కలిసి మొలకెత్తిన గోధుమలతో చేసే సుమలక్ పాయసం వండుకున్నారు, పెద్ద కాగు చుట్టూ చేరి ఇనోబత్ కలుపు గురించి పాట కూడా కట్టారు. పాట బాగానే ఉందని ఇనోబత్ తనే చప్పట్లు కొట్టింది. ఏప్రిల్ మొదట్లో ఒక తెల్లవారుజామున కొండల మీంచి చలి దిగి మంచు పేరుకుంది. పొద్దెక్కేసరికి ఊళ్ళో పెటూనియాలన్నీ ఉడికించిన ఆకుకూరలా నల్లబడి వాలిపోయాయి. అద్దాల వెనక పెరిగినవి, వాటికి చలి కొత్త. ఇనోబత్ పెట్టెల్లోని మొక్కలు మంచు దులుపుకుని మామూలుగా నిలబడ్డాయి. చలికాలమంతా బయటే పడుకున్నవాటికి ఒక పొద్దుటి చలి ఏపాటి?

ఆ ఆదివారం జనం గుల్‌చెహ్రాతో దెబ్బలాడి, ఇటు తిరిగారు.

"ఇవి చావవా ఖాలా?"

"వాకిట్లో చీపురు తగలకపోతే చావవు. గోడ వారన ఒక వరస ఇటుకలు పేర్చుకో. ఇటుకల లోపల ఊడవకు, గీకకు. పూలు వాడిపోయాక కాడ వెంటనే కొయ్యకు, గింజ రాలనియ్యి. వచ్చే ఏడు నా దగ్గరికి రానక్కర్లేదు."

అది విని తురోబ్ పగలబడి నవ్వాడు. "వినండయ్యా, వ్యాపారి మాట! మళ్ళీ రావద్దని బేరగాళ్ళకు తనే చెబుతోంది. నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటున్నావక్కా."

"తురోబ్, ఈ ఊళ్ళో ఎంతమంది అత్తలున్నారు?"

"ఎందుకు?"

"ప్రతి అత్తకూ ఒక కోడలు వస్తుంది. ప్రతి కోడలికీ ఒక చీపురు ఉంటుంది. సగంమంది ఇటుకల లోపల కూడా ఊడ్చేస్తారు. నా బేరానికేం ఢోకా లేదు."

ఈసారి గుల్‌చెహ్రా కూడా నోరు మూసుకుని నవ్వింది. సాయంత్రానికి ఇనోబత్ పెట్టెలు ఖాళీ అయ్యాయి. అయినా ఆమెకు నిద్ర పట్టేంత నిశ్చింత రాలేదు. చోటు సంగతి టీ కొట్టు గోడ దగ్గరే ఉంది.

గోడ దగ్గర మే నెలలో నీలి అవిసె మొదలుపెట్టింది. పొద్దున పూసి మధ్యాహ్నానికి రాల్చేసి, మర్నాడు మళ్ళీ పూసింది. అక్విలేజియా తల వంచుకుని పూసింది, తెల్ల చేమంతి గుప్పెళ్ళుగా విచ్చుకుంది. టీ తాగేవాళ్ళు మంచాలు అటువైపు జరుపుకున్నారు. గుల్‌ఖైరీలు కాడ వేసి నిటారుగా లేచాయి. ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి లేవలేదు. నేల బారున పక్కలకు పరుచుకుంది, అచ్చం బొత్తాం గడ్డి పరుచుకున్నట్టు. తురోబ్ రోజూ టీకి అక్కడికే రాసాగాడు. "ఇవాళ కూడా పడుకునే ఉందే. పువ్వు కదా, బద్ధకం పాపం" అనేవాడు వినబడేలా. జూన్‌లో మిగతా గుల్‌ఖైరీలు ఎరుపు, గులాబీ, మీగడ రంగుల్లో కింద నుంచి పైకి పూసుకుంటూ వెళ్ళాయి. అది మాత్రం మోకాలి ఎత్తు గుబురుగానే ఉండిపోయింది.

చివరికి తురోబ్ వరస అందరినీ పోగు చేశాడు. "అన్నా, నీ నోటి మాట నువ్వు నిలబెట్టుకో. ఒక్కటి కలుపైనా చోటు పోతుందన్నావు."

మామరజబ్ మొక్క దగ్గర వంగాడు. పీకడానికి మొదలు పట్టుకున్నాడు.

ఇనోబత్ గుంపును తోసుకుని వచ్చింది. అంతవరకూ ఆమెకూ అనుమానంగానే ఉంది. ఎంత ఏరినా ఒకటి తప్పించుకుని ఉండొచ్చు. కానీ దగ్గరికి వచ్చి ఆకు పట్టుకోగానే అనుమానం పోయింది. పక్కన బకెట్‌లోంచి దోసెడు నీళ్ళు తీసి ఆకుల మీద పోసింది. తడిసినా ఆకు మసగ్గానే ఉంది. ఎర్ర మచ్చ లేదు. గుబురు విడదీసి మధ్యలోకి చూసింది. నడి కాడ చివర లేదు, కొరికినట్టు తెగి, మానిపోయి ఉంది.

"ఇటు చూడన్నా. వారం వారం వంతెన మీంచి గొర్రెల్ని తోలుకుపోతారుగా. ఏదో తల కొరికేసింది. తల పోయింది కాబట్టి పక్కల నుంచి కొమ్మలేసింది. ఆలస్యం అందుకే."

"కథలు బాగా చెబుతావు" అన్నాడు తురోబ్.

"ఆకు ముట్టుకో అన్నా. ఇది కంబళి."

మామరజబ్ రాసి చూశాడు. "ఉలి పట్టిన వేళ్ళమ్మా ఇవి. వీటికి కంబళీ తెలియదు, పట్టూ తెలియదు."

"అయితే పీకకు. పీకితే ఇది ఏమిటో ఎవరికీ తెలియకుండా పోతుంది. అప్పుడు చోటు ఇచ్చినా నేను తీసుకోను. ఆగితే పువ్వే చెబుతుంది. గోరంత పువ్వొచ్చిందా, నా పెట్టెలు నేనే మోసుకెళ్ళి ఎరువు బస్తాల పక్కన కూర్చుంటా. అందరి ముందూ చెబుతున్నా."

ముసలాయన చెయ్యి తీసేశాడు. మొదలు చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, వాటికి తన నడుముకు కట్టుకున్న రుమాలు విప్పి చుట్టాడు. ఇక దాన్ని ముట్టుకునే ధైర్యం వరసలో ఎవరికీ లేదు, గొర్రెలకైతే అసలే లేదు.

ఎండలు ముదిరాయి. ఊళ్ళో మళ్ళీ నాటిన పెటూనియాలు కూడా మాడిపోయి, కుండీల్లో గడ్డిలా మిగిలాయి. గుబురు లోంచి ఒక కొమ్మ లేచింది, దాని వెనకే ఇంకోటి, ఆ తర్వాత ఎన్నని చెప్పను, చీపురు కట్టలాగా. ప్రతి దాని మీదా మొగ్గలు. ముహయ్యో రోజూ రొట్టెలు కొనే వంకతో వెళ్ళి చూసి వచ్చేది. ఒక పొద్దున రొట్టెలు మరిచిపోయి ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆయాసంతో మాట రాక, రెండు అరచేతులూ కలిపి సాసరంత చేసి చూపించింది.

ఇనోబత్ వెళ్ళేసరికి టీ కొట్టు గోడ దగ్గర బజారు సగం ఉంది. అలాంటి రంగు ఆ వరసలో ఇంకోటి లేదు. నల్ల ద్రాక్షను వెలుగుకు పట్టి చూస్తే కనబడే ఎరుపు. ఒక కాడ మీద కాదు, ప్రతి కొమ్మ మీదా ఒకేసారి. నిటారుగా లేచిన మిగతావి దాని పక్కన కర్రల్లా కనబడుతున్నాయి.

మామరజబ్ రుమాలు విప్పుకుని దులిపి నడుముకు కట్టుకున్నాడు. "చోటు ఇనోబత్‌ది. ఈ మాట నేను ఇంకోసారి చెప్పను" అని, టీ అడిగి మంచం ఎక్కాడు. హదీచా అందరికీ వినబడేలా "అది మా వీధి కలుపు!" అంది. అప్పటిదాకా నవ్విన వీధంతా ఆ రోజు నుంచి తమ తమ ఇళ్ళ పేర్లు చెప్పుకోవడం మొదలుపెట్టింది, ఎర్రది మా ఇంటిదంటే మీగడ రంగుది మా ఇంటిదని.

తర్వాతి ఆదివారం వంతెన దిగువన జనం మూగారు. ఆ నల్ల ఎరుపు కావాలి, నీలిది కావాలి, తెల్లది కావాలి. ఇనోబత్ దగ్గర ఒక్క మొక్క కూడా లేదు. ఖాళీ నేల మీద చాప పరుచుకుని కూర్చుంది.

"ఇప్పుడు తియ్యకూడదు, చస్తాయి. గింజ రాలి మొలకెత్తనివ్వండి. శరత్తులో రండి."

"మా పేరు గుర్తు పెట్టుకుంటావా ఖాలా?"

"ముహయ్యో గుర్తు పెట్టుకుంటుంది. మొలకల్నే గుర్తుపట్టే పిల్ల, మనుషుల్ని గుర్తుపట్టదా?"

జనం పలచబడ్డాక తురోబ్ వచ్చాడు. ఈసారి చేతులు ముందుకే ఉన్నాయి, ఒక చేతిలో ఖుబానీల పొట్లం. పక్కనే కూర్చున్నాడు.

"అక్కా, ఎండకు ఆగే బంతి రకం ఒకటి దింపాను. గుల్‌చెహ్రా దగ్గర ఎవరూ ఆగట్లేదు. నీ చోట్లో పెట్టుకుంటే ఇద్దరికీ బాగుంటుంది."

"నా చోటుకు సరుకుంది."

"ఏదీ? నేల ఖాళీగా ఉందిగా!"

"నేల ఖాళీగా ఉన్నా పొద్దుటి నుంచి జనం ఎక్కడ ఆగారో నువ్వు చూడలేదా?"

తురోబ్ ఖుబానీల పొట్లం చాప మీద పెట్టాడు. ఇనోబత్ కాళ్ళు బారజాపుకుంది. నాలుగు మూరల చోటులో ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆమెదే. కెటిల్ ఎత్తి రెండు గిన్నెల్లో టీ పోసి, ఒకటి అతని వైపు జరిపింది.

"తాగు. కానీ కాస్త అటు జరుగు, వచ్చేవాళ్ళకు అడ్డం."